కుక్కపిల్లల నట్టల మందు: సీసా మంచిదే, కరపత్రం చెప్పింది సగమే

ఈ సమీక్ష కుక్కపిల్లల కడుపులోని నులిపురుగులకు, అంటే వాడుకలో నట్టలకు, నోటి ద్వారా పట్టించే ఒక ద్రవ మందు గురించి. అందులో ఉన్నవి ఫెబాంటెల్, పైరాంటెల్ అనే రెండు మందులు. ఇదే కలయిక వేర్వేరు పేర్లతో దొరుకుతుంది కనుక, నేను కొన్న సీసా పేరు చెప్పడం కంటే ఈ కలయిక ఏం చేస్తుందో, దానితో పాటు వచ్చే కరపత్రం ఏయే సంగతులు చెప్పకుండా వదిలేస్తుందో రాస్తేనే కొనబోయేవారికి ఎక్కువ ఉపయోగమనుకున్నాను. మా కుక్క పెట్టిన ఐదు పిల్లలకూ 18వ రోజు మొదలుకొని 60వ రోజు వరకు నాలుగు విడతలుగా దీన్ని పట్టించాను. మందు మీద నాకు గురి కుదిరింది. దాన్ని అట్టపెట్టెలో పెట్టి అమ్ముతున్న తీరు మీద మాత్రం కుదరలేదు.

నిజానికి మొదటి విడత 14వ రోజునే పడవలసింది. కళ్లు తెరిచి నాలుగు రోజులైనా కాలేదు, తల్లిపాలు తప్ప మరొకటి ముట్టలేదు, నాలుగు అడుగులు తిన్నగా వేయలేవు. ఇంత పసివాటి కడుపులోకి పురుగులు ఎక్కడి నుంచి వస్తాయన్నది నా ధీమా. అది ఎంత తెలివితక్కువ ధీమాయో 18వ రోజు ఉదయం అన్నిటికంటే చిన్నపిల్లను చూశాక తెలిసింది. మిగతా నాలుగూ తల్లి పొట్ట దగ్గర కుమ్ములాడుకుంటుంటే అది ఒక్కటే పక్కకు ఒరిగి పడుకుని ఉంది. పైపెదవి ఎత్తి చూస్తే, గులాబి రంగులో ఉండవలసిన చిగుళ్లు సున్నం కొట్టినట్టు పాలిపోయి ఉన్నాయి. తోక కింద అంటుకున్న మలం నల్లగా, తారులాగా జిగురుగా ఉంది.

పశువైద్యురాలు ఆ మలాన్ని మైక్రోస్కోపు కింద చూసి గుడ్లేమీ కనబడలేదన్నారు. నేను ఊపిరి పీల్చుకోబోతుంటే, "గుడ్లు లేవంటే పురుగులు లేవని కాదండీ, వాటికింకా గుడ్లు పెట్టే వయసు రాలేదని" అన్నారు. కొంకిపురుగు సంగతి అంతే. తల్లి ఎప్పుడో నేల మీద అంటించుకున్న ఈ పురుగు పిల్లదశలోనే ఆమె కండరాల్లో నిద్రాణంగా ఉండిపోతుంది, ఈనిన తరువాత పాలతో పాటు పిల్లల కడుపులోకి దిగుతుంది, పేగు గోడను కరిచి పట్టుకుని రక్తం తాగడం మొదలుపెడుతుంది. అది ఎదిగి గుడ్లు పెట్టడానికి రెండు వారాలు, ఒక్కోసారి ఇంకాస్త ఎక్కువే పడుతుంది. రక్తం తాగడానికి అన్నాళ్లు ఆగదు. ఒక్కో పురుగు వల్ల రోజుకు 0.1 మి.లీ. వరకు రక్తం పోతుంది. వినడానికి ఇది చుక్కే. కానీ ఆ రోజు ఆ పిల్ల బరువు 640 గ్రాములు, దాని ఒంట్లో ఉండే మొత్తం రక్తం సుమారు 50 మి.లీ., వంద పురుగులుంటే ఒక్క రోజులో పోయేది 10 మి.లీ. ఈ లెక్క ఆమె ఒక చీటీ మీద వేసి చూపించినప్పుడు నాకు నోట మాట రాలేదు. దాన్ని వెచ్చగా ఉంచి, చర్మం కిందకు సెలైను ఎక్కించి, ఇనుము ఇచ్చి, ఐదు పిల్లలకూ తల్లికీ ఒకే రోజున నట్టల మందు వేయమన్నారు. ఈ సీసా ఇంటికి వచ్చింది అలాగే.

ఇక సీసా సంగతి. పైన ముద్రించిన దాని ప్రకారం ఒక్కో మి.లీ.లో 15 మి.గ్రా. ఫెబాంటెల్, 14.4 మి.గ్రా. పైరాంటెల్ ఎంబోనేట్ ఉన్నాయి; మోతాదు కిలో బరువుకు 1 మి.లీ. ఇంతవరకు సులువే. చిక్కంతా ఆ 14.4 అనే అంకెలో ఉంది. అది పైరాంటెల్ లవణం బరువు; అందులో అసలు పైరాంటెల్ 5 మి.గ్రా. మాత్రమే. కొన్ని సీసాల మీద లవణం బరువు వేస్తారు, కొన్నిటి మీద అసలు మందు బరువు వేస్తారు. అంతేకాదు, మి.లీ.కు 50 మి.గ్రా. పైరాంటెల్ ఉండే చిక్కటి మందులు కూడా ఉన్నాయి. అంటే దీనికి పదింతలు. ఒక సీసా నుంచి నేర్చుకున్న "కిలోకు ఒక మి.లీ." అనే లెక్కను ఇంకో సీసాకు అప్పజెప్పితే ఏమవుతుందో ఊహించుకోవచ్చు. పైరాంటెల్ లవణం పేగుల్లోంచి రక్తంలోకి అంతగా ఇంకదు కనుక ఇది మొత్తం మీద నిరపాయమైన మందే అయినా, 640 గ్రాముల ప్రాణి మీద లెక్క తప్పే హక్కు మనకు లేదు. ఇంత ముఖ్యమైన విషయాన్ని కరపత్రంలో ఒక్క వాక్యంలోనైనా విడమరిచి ఉండవలసింది.

సీసాతో పాటు ఇచ్చిన పిచికారీ ఇంకా అన్యాయం. 5 మి.లీ. పరిమాణం, అర మి.లీ.కు ఒక గీత. 640 గ్రాముల పిల్లకు కావలసింది 0.64 మి.లీ.; ఆ గీతల మీద దాన్ని కొలవడమంటే బియ్యం బస్తాల కాటా మీద బంగారం తూచడమే. రెండు వారాల పిల్లల కోసమని అట్టపెట్టె మీద బొమ్మ వేసి మరీ అమ్మే మందుకు పెద్ద కుక్కకు పనికొచ్చే పిచికారీ జతచేయడం ఏ లెక్కో నాకు అర్థం కాలేదు. నేను సూది తీసేసిన 1 మి.లీ. సిరంజి విడిగా తెచ్చుకుని 0.7 దగ్గర ఆపాను. తూకానికి వంటింటి త్రాసు మీద లోతైన గిన్నె పెట్టి, అందులో గుడ్డ పరిచి, పిల్లను కూర్చోబెట్టాను. మొదటిరోజు ఐదింటి బరువూ కలిపి 4.3 కిలోలు, అన్నిటికంటే బొద్దుగా ఉన్నదానికీ చిన్నదానికీ మధ్య తేడా 400 గ్రాములకు పైనే. "ఒక్కో పిల్లకు ఇంత" అని గంపగుత్తగా పోసేవారు ఈ తేడాను గుర్తుపెట్టుకోవాలి. ఆ పిల్లల బరువు వారం తిరిగేసరికి మారిపోతుంది కనుక పోయినసారి తూకం ఈసారికి పనికిరాదు.

మందు నీళ్లలా కలిసిపోయిన ద్రావణం కాదు, పొడి తేలుతూ ఉండే పలచటి పసుపు ద్రవం. సీసా కదలకుండా రెండు వారాలు ఉంటే అడుగున వేలెడంత మందాన పసుపు పేరుకుని, పైన దాదాపు తేటనీరు నిలుస్తుంది. గట్టిగా ఊపకుండా పైనుంచి తీసి పట్టిస్తే మొదటి పిల్లకు నీళ్లూ, చివరి పిల్లకు మందంతా చేరుతుంది. నేను అరనిమిషం ఊపి, మూత తీసేముందు సీసాను వెలుతురుకు పట్టి అడుగు చూసేవాణ్ణి. ప్రతి పిల్లకూ ముందు మళ్లీ ఒకసారి ఊపాలి. సిరంజి మొనను దవడ పక్కన, పళ్లు రావలసిన చోట పెట్టి కొద్దికొద్దిగా వదిలితే చప్పరించి మింగాయి. రుచి మీద ఫిర్యాదు లేదు. నిటారుగా గొంతులోకి చిమ్మితే ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదముంది. ఈ హెచ్చరిక మాత్రం కరపత్రంలో ఉంది, ఉన్నందుకు సంతోషం.

ఫలితం చూద్దాం. మర్నాడు మధ్యాహ్నానికి మూడు పిల్లల మలంలో తెల్లటి పురుగులు పడ్డాయి. సన్నవి, రెండు మూడు అంగుళాలకు మించనివి, ఉడకబెట్టిన సేమ్యా మాదిరి పాలిపోయినవి. రెండు ఇంకా నెమ్మదిగా మెలికలు తిరుగుతున్నాయి. ఇవి కొంకిపురుగులు కావు, ఏలికపాములు. కొంకిపురుగు ఒకటి రెండు సెంటీమీటర్లకు మించదు, మలంలో కలిసిపోతే మన కంటికి చిక్కదు. పురుగు బతికే బయటపడిందంటే మందు చేయలేదని అనుకునేవారున్నారు. పైరాంటెల్ పురుగును వెంటనే చంపదు. దాని కండరాలను బిగదీసి పేగు గోడను పట్టుకునే శక్తి లేకుండా చేస్తుంది, ఆపైన పేగుల కదలికే దాన్ని బయటికి తోసేస్తుంది. ఫెబాంటెల్ దారి వేరు: అది ఒంట్లో ఫెన్‌బెండజోల్‌గా మారి పురుగుకు తిండి ఒంటబట్టకుండా చేస్తుంది. ఒక పిల్ల మందు వేసిన రాత్రి ఒకసారి వాంతి చేసుకుంది, రెండింటికి మర్నాడు మలం కాస్త జారుడుగా వచ్చింది. అంతకుమించి ఇబ్బందులేవీ లేవు.

నన్ను అయోమయంలో పడేసింది 32వ రోజున వేసిన రెండో విడత. దానికి మొదటిసారి కంటే ఎక్కువ పురుగులు పడ్డాయి, పైగా ఇవి పెద్దవి. బొద్దుపిల్ల నుంచి పడినది స్ప్రింగులా చుట్టుకుపోయి ఉంటే పుల్లతో సాగదీసి కొలిచాను, 9 సెంటీమీటర్లు. మొదటి విడత నకిలీ మందేమోనని కూడా అనుమానించాను. అనుమానించవలసింది మందును కాదు, నా అవగాహననని తరువాత తెలిసింది. ఏలికపాము, శాస్త్రం పేరు టాక్సోకారా కానిస్, పిల్ల పుట్టకముందే దాని ఒంట్లో చేరుతుంది. తల్లి కండరాల్లో ఏళ్ల తరబడి పడుకున్న పిల్లపురుగులు చూలు 42వ రోజు దాటాక మేల్కొని, మాయ గుండా కడుపులోని పిల్లల కాలేయంలోకి చేరతాయి. పుట్టాక అక్కణ్ణుంచి ఊపిరితిత్తుల్లోకి, ఊపిరితిత్తుల నుంచి దగ్గుతో గొంతులోకి, మింగుడుతో మళ్లీ పేగులోకి వస్తాయి. పాల ద్వారా వచ్చేవి ఇంకొన్ని. మూడు వారాలు నిండేసరికి పేగులో ఎదిగిన పురుగులు గుడ్లు పెట్టడం మొదలుపెట్టగలవు. ఆ రోజు సీసాలోని మందు పేగులో ఉన్నవాటిని ఊడ్చివేసింది. దారిలో ఉన్నవాటి జోలికి అంతగా పోలేదు. అవి రెండు వారాల్లో పేగుకు చేరి, ఎదిగి, రెండో విడతకు దొరికాయి. రెండో విడతకు ఎక్కువ పురుగులు పడటం మందు విఫలమైనట్టు కాదు, ఒక్క విడతతో ఆపి ఉంటే ఏమై ఉండేదో చూపించినట్టు.

కరపత్రం మీద నా పెద్ద ఫిర్యాదు ఇక్కడే. 14వ రోజున మొదలుపెట్టి, పాలు మాన్పించాక ఇంకో రెండు వారాలు గడిచేవరకు ప్రతి రెండు వారాలకు ఒకసారి, ఆపైన ఆరు నెలల వయసు వరకు నెలకొకసారి వేయాలన్నది పశువైద్యులు సాధారణంగా చెప్పే పద్ధతి. ఈ కరపత్రంలో దాని గురించి ఉన్నది "అవసరాన్ని బట్టి తిరిగి వాడవచ్చు" అన్న అర్ధవాక్యం. అవసరం ఎవరికి కనబడుతుంది? మూడో విడత నాటికి మా పిల్లలు ఉబ్బిన పొట్టలు తగ్గి, బొచ్చు నిగనిగలాడుతూ, ఒకదాని మీద ఒకటి పడి ఆడుకుంటున్నాయి. చూపుకు ఏ అవసరమూ లేదు. అయినా 46వ రోజున వేస్తే రెండు పిల్లల నుంచి మళ్లీ పురుగులు పడ్డాయి.

తల్లి ఊసు కూడా కరపత్రంలో లేదు. తల్లి పిల్లలను నాకి శుభ్రం చేస్తూ వాటి మలాన్ని మింగుతుంది. పిల్లలతో పాటు ఆమెకూ మందు పడకపోతే చేసిన పని సగమే. మా కుక్క బరువు 22 కిలోలు, ఈ మందే పట్టించాలంటే ఒక్కసారికే 22 మి.లీ. కావాలి, ఆమె పట్టుకోనివ్వదు కూడా. అందుకని ఆమెకు మాత్రలు వేశాం. అయితే ఏ మాత్ర అయినా కండరాల్లో నిద్రపోతున్న పిల్లపురుగులను పూర్తిగా తుడిచిపెట్టదు. చూలు 40వ రోజు నుంచి ఈనిన 14వ రోజు వరకు తల్లికి రోజూ ఫెన్‌బెండజోల్ వేస్తే పిల్లలకు చేరే పురుగులు చాలావరకు తగ్గుతాయి. ఇది వైద్యుల పర్యవేక్షణలో చేయవలసిన పని, నాకు తెలిసేసరికి ఆలస్యమైన పని.

అట్టపెట్టె మీద అన్నిటికంటే పెద్ద అక్షరాల్లో ఉన్న మాట "అన్ని రకాల కడుపు పురుగులకు". ఇది నిజం కాదు. బద్దెపురుగు మీద ఈ రెండు మందులూ ఈ మోతాదులో పనిచేయవు. దానికి ప్రాజిక్వాంటెల్ కావాలి. పిల్ల బొచ్చులో గెంతుతూ తిరిగే ఫ్లీ పురుగును అది కొరికి మింగినప్పుడు వచ్చే బద్దెపురుగు, తోక చుట్టూ ఎండిన బియ్యపు నూకల్లాంటి తునకలుగా కనిపిస్తుంది. అలా కనిపిస్తే ఈ సీసాను పక్కన పెట్టాలి, ఫ్లీలను కూడా వదిలించాలి. మరోవైపు పెట్టె మీద గొప్పగా చెప్పుకున్న కొరడాపురుగు సంగతి చూస్తే, గుడ్డు మింగిన తరువాత అది ఎదిగి గుడ్లు పెట్టడానికి దాదాపు మూడు నెలలు పడుతుంది. రెండు నెలల పిల్ల కొన్నవారికి ఆ గొప్పతో వెంటనే వచ్చే లాభం తక్కువ.

ఈ "అన్ని రకాల" మాటను నమ్మి నేనొక పొరపాటు చేశాను. 51వ రోజున మూడు పిల్లలకు చీమిడిలాంటి జిగురుతో విరేచనాలు పట్టుకున్నాయి. మళ్లీ నట్టలే అనుకుని, ఐదు రోజుల కిందటే వేసిన మందును ఇంకోసారి వేయబోయి, చిన్నదానికి వేసేశాను కూడా. రెండు రోజులు గడిచినా తగ్గలేదు. మల పరీక్షలో తేలింది కాక్సిడియా. అది పురుగే కాదు, కంటికి కనబడని ఏకకణ జీవి. ఈ సీసాలో దానికి మందు లేదు. జియార్డియా కూడా అలాంటిదే, ఒక్క విడతతో అది వదలదు. వేరే మందు వాడాక నాలుగు రోజుల్లో మలం గట్టిపడింది. నా అదృష్టం కొద్దీ అది కాక్సిడియా. ఆ వయసులో వాంతులు, రక్తంతో దుర్వాసన కొట్టే విరేచనాలు, తిండి మానేయడం పార్వో వైరస్ వల్ల కూడా వస్తాయి. అప్పుడు నట్టల మందు వేసి రెండు రోజులు చూద్దామనుకుంటే ఆ రెండు రోజుల్లోనే పిల్ల దక్కకుండా పోవచ్చు. పిల్లలకు జబ్బు చేస్తే నట్టలు కారణమయ్యే అవకాశం చాలా ఎక్కువ, కాదనను. కానీ ప్రతి విరేచనానికీ నట్టలే కారణమనుకోవడానికి ఇలాంటి అట్టపెట్టెలే నేర్పుతున్నాయి.

ఇంకొక విషయం. పక్కింటి పెద్దాయన తన దగ్గర మిగిలిపోయిన పాత పైపరజైన్ సీసా తెచ్చి, "రెండూ కలిపి వేయి బాబూ, ఇంకా గట్టిగా పనిచేస్తుంది" అన్నారు. అలా చేయకూడదు. పైరాంటెల్ పురుగు కండరాన్ని బిగిస్తే పైపరజైన్ సడలిస్తుంది. ఒకదాని పనిని ఒకటి కొట్టేస్తుంది. ఆయన మనసు నొప్పించకుండా సీసా తీసుకుని అలమారలో పెట్టాను. ఈ హెచ్చరిక కరపత్రంలో ఉంది గానీ చదవడానికి నాకు భూతద్దం కావలసి వచ్చింది.

ఏ మందూ చేయలేని పని ఒకటి మిగిలింది, అది చేట, చీపురు పని. ఒక ఆడ ఏలికపాము రోజుకు లక్షకు తగ్గకుండా గుడ్లు పెట్టగలదు. ఆ గుడ్లు బయటపడగానే అంటవు, వాటిలో పిల్లపురుగు తయారవడానికి కనీసం రెండు వారాలు పడుతుంది, తయారయ్యాక మాత్రం మట్టిలో ఏళ్ల తరబడి ఉంటాయి. మామూలుగా నేల తుడిచే ఫినాయిలు వంటివి వాటినేమీ చేయలేవు. కాబట్టి మలాన్ని ఏ రోజుకారోజు ఎత్తిపారేయడం మందు వేయడంతో సమానమైన పని. ఇంట్లో చిన్నపిల్లలుంటే మరీ ముఖ్యం. మట్టిలో ఆడి చేయి నోట్లో పెట్టుకుంటే ఆ గుడ్ల నుంచి వచ్చే పిల్లపురుగులు మనిషి ఒంట్లో కాలేయంలోకి, ఒక్కోసారి కంట్లోకి చేరతాయి. కొంకిపురుగు పిల్లలు తడినేల మీద వట్టి కాళ్లతో నడిచేవారి చర్మంలోకి దూరి దురదతో వంకరటింకర గీతల్లా పాకుతాయి. ఈ సంగతులు పెట్టెలో ఒక చిన్న చీటీగా పెట్టి ఉంటే ముద్రణకు ఏపాటి ఖర్చవుతుంది?

మందుకు ఐదుకు నాలుగున్నర వేస్తాను, పిచికారీకి ఒకటి, కరపత్రానికి ఒకటిన్నర, అట్టపెట్టె మీది మాటకు సున్న. 50 మి.లీ. సీసా ఐదు పిల్లల నాలుగు విడతలకు సరిపోయి, చిన్నదానికి అనవసరంగా వేసినది కూడా పోను అడుగున రెండు మి.లీ. మిగిలింది. 75వ రోజున చేయించిన మల పరీక్షలో ఐదింటిలో దేనికీ గుడ్లు కనబడలేదు. ఈసారి గుడ్లు లేకపోవడానికి వయసు చాలకపోవడం కారణం కాదు. చిన్నపిల్ల ఆ రోజు తూకం 4 కిలోల 300 గ్రాములు, మొదటిరోజు ఐదూ కలిపి తూగినంత. చిగుళ్లు ఎర్రగా ఉన్నాయి. 90వ రోజున వేయవలసిన విడతకు కొత్త సీసా తెచ్చాను, ఇదే మందు, పిచికారీని మాత్రం పెట్టెలోంచి తీయలేదు.